పెదవుల మధ్య గుండుసూదులు

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆ తల్లికి లోకంలో సగం చక్కబడినట్టుండేది. మిగతా సగం లోపలి గదిలో ముసుగుతన్ని పడుకుంది. ఇరవై దాటిన కూతురు. అది లేచేలోగా నిలువెత్తు కుట్టుబొమ్మకు తొడిగిన గౌను అంచు మడవాలి. కాసేపట్లో గౌను కుట్టమన్న గిరాకీ వచ్చి నెత్తిన కూర్చుంటుంది.

రాత్రి మెడ చుట్టూ చేతులేసి, "నీలాంటి అమ్మ ఎవరికీ ఉండదే" అంది కూతురు. తెల్లారితే ఏ అవతారమో ఎవరికెరుక! డాక్టరమ్మ దానికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు చెప్పింది. "పొగరూ కాదు, నాటకమూ కాదమ్మా. అందరూ వదిలేసి పోతారన్న భయం. మనకు చీమ కుట్టినట్టుండేది ఆమెకు పాము కాటు" అంది. తల్లి తలూపి వచ్చింది. ఊపడానికేం, తల తేలికే. కూతురి చేతికి అందకుండా కత్తెరలన్నీ బీరువాలో పెట్టి, తాళంచెవి మెళ్లో వేసుకు తిరగడమే బరువు.

నోరు జారకుండా ఆవిడే ఒక కిటుకు కనిపెట్టింది. కూతురి అడుగుల చప్పుడు వినబడగానే నాలుగు గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకునేది. "భలే తాళం వేశావే నోటికి!" అని మొగుడు మెచ్చుకున్నాడు కూడా. ఆయన బస్సు నడుపుతాడు. ఇంట్లో గొడవ రాజుకుంటే చాలు, డ్యూటీ గుర్తొచ్చేస్తుంది.

గది తలుపు కిర్రుమంది. సూదులు నోట్లోకెళ్లాయి.

"అమ్మా, నా ఫ్రెండు రాత్రి నుంచి ఫోనెత్తట్లేదు. నేనంటే విసుగొచ్చిందేమో."

"ఊఁ."

"ఊఁ ఏంటి? విసుగొచ్చిందనా?"

తల్లి తల అడ్డంగా ఊపింది.

"నిద్రపోయుంటుందిలే తల్లీ, పొద్దున్నే మొదలెట్టకు" అన్నాడు తండ్రి.

"నువ్వు బస్సెక్కు నాన్నా."

ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

"నీక్కూడా విసుగే కదమ్మా? చెప్పు! గోడతో మాట్లాడినట్టుంది." కూతురు గౌను పట్టి ఒక్క గుంజు గుంజింది. అంచు పర్రున చిరిగింది. "ఈ బొమ్మనే పెంచుకో. దీనికి నోరు లేదు, నీకదే కావాలి. నేను పోతున్నా. పీడా విరగడైందనుకోండి!"

సంచి భుజాన వేసుకుంది. 'పోతే పో' అన్న మాట తల్లి నాలుక చివరికొచ్చి సూదుల వెనక ఆగింది. చచ్చేంత విసుగుతో తలెత్తి చూసింది.

కూతురు గడపలోనే ఆగిపోయింది. చూపంతా తల్లి పెదవుల మీదే ఉంది. మూసిన తలుపు ముందు నిలబడ్డ పసిదానిలా ఉంది.

తల్లి సూదులన్నీ అరచేతిలోకి ఉమ్మేసింది. ఒకటి గీరుకుని పెదవి మీద నెత్తురు చిమ్మింది.

"నాకు ఒళ్లు మండిపోతోందే! ఆ గిరాకీ వచ్చి నన్ను ఉతికి ఆరేస్తుంది. పీకలదాకా కోపముంది నీ మీద."

కూతురు గడప అవతలికి ఒక కాలు పెట్టింది.

"పూర్తిగా విను. కోపముంది. కానీ నేనెక్కడికీ పోను, నిన్ను పోనివ్వను. నోరు జారి నిన్ను పోగొట్టుకుంటానేమోనని ఈ సూదులు."

"నేనొస్తేనే పెట్టుకుంటావు. నాన్నొస్తే తీసేస్తావు. నాతో మాట్లాడ్డం నీకసహ్యం అనుకున్నా."

తల్లి పెదవి మీది నెత్తురు కొంగుతో తుడుచుకుంది. ఒక కాలికే చెప్పు తొడిగిన తండ్రి, దాన్ని కూడా విప్పి మెల్లగా కూర్చున్నాడు.

కాసేపటికి కూతురు సంచి దించి, చిరిగిన అంచు పట్టుకుని బొమ్మ పక్కన చతికిలబడింది. తల్లి మళ్లీ మిషను ముందుకు జరిగింది. అలవాటు కొద్దీ సూదులు పెదవుల దాకా వెళ్లాయి.

"ఇలా ఇవ్వు" అని కూతురు అరచెయ్యి చాపింది. "తిట్టుకుంటూ కుట్టు. నాకు వినబడాలి."

తల్లి చెయ్యి మెళ్లోని తాళంచెవి మీదికెళ్లింది. క్షణం ఆగింది. సూదులు ఒక్కొక్కటే ఆ అరచేతిలో పెట్టింది.

"నీ మొండితనం తగలెయ్య, ఎంత పని పెట్టావే నాకు! ఆఁ, ఒకటివ్వు."

కూతురు ఒకటిచ్చింది.