హేమలేఖ చచ్చిపోయిన హాలు

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో మూతపడ్డ సినిమా హాలుకు మంచి పేరు లేదు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ మెట్ల మీది నుంచి ఒక ఆడగొంతు పిలుస్తుందనీ, పలికినవాళ్ళు మంచం పడతారనీ సంతకు వచ్చే ఆడవాళ్ళు చెప్పుకుంటారు. ఆ గొంతు హేమలేఖదట... నలుపు తెలుపు బొమ్మల కాలంలో, ఆఖరి రీలులో కన్నుమూసే వేషం ఉందంటే ఆమె కోసమే కబురు పెట్టేవారట.

ఎండుచేపలమ్ముకునే లక్ష్మణమ్మ మాత్రం ఈ మాటల్లో ఎన్నడూ కలగజేసుకోలేదు. హేమలేఖ ఆమెకు తోడబుట్టిన అక్క, వాళ్ళ పిలుపులో అప్ప. పుట్టుపేరు తాతమ్మ.

జాతరకు వచ్చిన నాటకాల వాళ్ళ వెంట తాతమ్మ మద్రాసు వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు ఆమె ఆడిన బొమ్మ ఈ హాలుకే వచ్చింది. తల్లి తవిటమ్మ అంతకు ముందు సినిమా అన్నది చూసి ఎరగదు. తెర మీద కూతుర్ని చితిపై పడుకోబెట్టి నిప్పంటించారు...

తవిటమ్మ కేక పెట్టి బయటికొచ్చేసింది. తిన్నగా తమ ఊరి సముద్రపు ఒడ్డుకు పోయి, కట్టుబట్టలతో మునిగి గానీ గడప తొక్కలేదు. "అది బొమ్మేనే" అని నచ్చజెప్పబోయిన వాళ్ళను "కన్నదాన్ని నాను. కాలిపోడం నా కళ్ళతో సూసినాను" అని తరిమేసింది. పెద్దకర్మ నాడు పిండం పెట్టింది.

మరుసటేడు తాతమ్మ కారులో వచ్చి వాకిట్లో దిగింది — నిక్షేపంగా, పట్టుచీరతో. తల్లి తలుపు తీయలేదు.

"పిండమెట్టిన సేత్తో కూడెలాగెడతానే? ఎల్లిపో."

జరిగిన కర్మ జరిగినట్టే ఉండిపోయింది. మద్రాసులో హేమలేఖ చెల్లెలి వేషాల నుంచి తల్లి వేషాలకు, అక్కణ్ణుంచి గుంపులో నిలబడే ముసలమ్మ వేషాలకు జారి, చివరికి కనబడడమే మానేసింది. పోయిందని ఎవరో అన్నారు. ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ తలస్నానం చేయలేదు. ఆ పని ఎప్పుడో అయిపోయింది గదా.

ఒక సంతనాటి సాయంత్రం, పొద్దుగూకగానే కరెంటు పోయింది.

"పిన్నీ, బండి హాలుకవతల నిలబెడతాను," అన్నాడు ఆటో ధర్మేంద్ర. "ఎండుసేపల కంపుకి దెయ్యం నీ సాయలకి రాదులే."

"నీ నోట్లో మన్నుపడ! నీకు బయమని సెప్పరాదేటి?"

వాడు నవ్వుతూ సాగిపోయాడు. లక్ష్మణమ్మ ఖాళీ గంపతో నడిచింది. హాలు దగ్గరపడింది... గోడ... గేటు... మెట్లు —

"లచ్చిమీ..."

అలా పిలిచేది ఇద్దరే. ఒకరు తల్లి, ఈమధ్యనే పోయింది. ఇదే పిలుపు కిందటి సంతకూ విన్నది, ఆ ముందు సంతకూ విన్నది. తల తిప్పకుండా వెళ్ళిపోయింది. దెయ్యమైతే పలకడం ప్రమాదం. దెయ్యం కాకపోతే, పలకకుండా పోయిన ప్రతిసారీ తాను కూడా ఆ మనిషిని చితి మీద పెట్టినట్టే.

లక్ష్మణమ్మ కాళ్ళు ఆగిపోయాయి.

మెట్ల మీద తెల్లగా ఏదో కదిలింది. లేవబోయింది... లేవలేక, "అమ్మా" అని మోకాలు పట్టుకుని కూలబడింది. దెయ్యాలకు మోకాళ్ళ నొప్పులుంటాయా? లక్ష్మణమ్మ ఒక మెట్టెక్కి వంగింది; అంతలోనే ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. వెచ్చగా ఉంది. నొప్పుల మందు వాసన వేస్తోంది.

"బయపడకే... నానే. అమ్మ పోయిందని తెలిసి వచ్చినాను. టేసను కాడ లాడ్జీలో ఉన్నాను. ఊళ్ళోకి రాడానికి కాళ్ళు రానేదు."

లక్ష్మణమ్మకు ఏడుపు రాలేదు. భయం కూడా ఎటో పోయింది. చలిలో మొద్దుబారిన వేళ్ళలా ఉంది లోపలంతా.

"ఎక్కువ రోజుల్లేవన్నాడే డాట్రు," అంది చీకట్లోని గొంతు. "ఇప్పుడు నిజంగా సచ్చిపోతే... నాకెవులు సేస్తారే?"

"ఒకపాలి సేసీసినాం కదప్పా."

మాట నోరు దాటాక గానీ, తాను పలికినట్టు లక్ష్మణమ్మకు తెలియలేదు.

తాతమ్మ పట్టుకున్న మణికట్టు వదిలేసింది.

"అది హేమలేఖకి సేసినారు," అంది మెల్లగా. "నాకు కాదు."

దూరంగా ఆటో దీపం వెలిగింది. "పిన్నీ!" ధర్మేంద్ర గొంతు వణుకుతోంది. "ఎవులితో మాటాడతన్నావు? ఒక్కదానివేనేటి?"

కన్నీరో, జాలో, పాత కోపమో — ఏదో ఒకటి వస్తుందని లక్ష్మణమ్మ కాసేపు చూసింది. ఏదీ రాలేదు. గంప కింద పెట్టి, అప్ప చంక కింద భుజం దూర్చి పైకి లేపింది. ఎండిన చేపంత తేలిగ్గా ఉంది మనిషి.

"ఇద్దరమురా," అంది. "బండి ఇలా తే."