గమనించగలరు

మా కంపెనీలో అన్నిటికంటే పనికిమాలిన పని ఏదంటే డాక్యుమెంటేషన్ రాయడం. పన్నెండేళ్లుగా ఈ మాట అంటున్నాను, ఇప్పుడూ అంటాను.

మేం చేసేవి వెబ్ కాంపొనెంట్లు. అంటే ఒకసారి చేసిపెట్టి వందచోట్ల వాడుకునే తెరమీది ముక్కలు. బటన్, తేదీ పెట్టె, తలుపు తాళం పలక, ఇలాంటివి. ఒక్కో ముక్క కోడ్ పైన అది ఎలా పనిచేస్తుందో నాలుగు వాక్యాల కామెంట్ రాస్తాం. జనరేటర్ అనే ప్రోగ్రామ్ ఆ కామెంట్లన్నీ ఏరుకుని పేజీలు తయారుచేస్తుంది. ఆ పేజీలను సర్వర్‌లో పెడతాం. ఎవరూ చదవరు. చదివేవాళ్లే ఉంటే మా సపోర్టు వాళ్లకి రోజంతా ఆ ఫోన్లెందుకు?

ఆ రాతపనిలో మా తోటికోడలిని పెట్టించింది నేనే. మా మరిది భార్య. ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకుంటోంది కదా అని జాలిపడ్డాను. జాలి కాదు, వాళ్లమ్మ దగ్గర మార్కులు కొట్టేయడానికి అని మా ఆయన అంటాడు. ఆయనకేం, ఏదో ఒకటి అంటాడు.

ఆ పిల్లకో పిచ్చి. ప్రతి పేజీ చివరా "గమనించగలరు" అని రాసేది. 'ఈ బటన్‌ను రెండుసార్లు నొక్కితే రెండుసార్లు పనిచేస్తుంది. గమనించగలరు.' కరెంటాఫీసు గోడమీది నోటీసులాగా. నేను ఆమెకి అదే పేరు పెట్టాను. "గమనించగలరు గారొచ్చారు, లేచి నిలబడండి" అంటే టీమంతా పగలబడి నవ్వేది. "పోండి అక్కా" అని ఆమె కూడా నవ్వేది, బుద్ధి లేక. ఏసీ సరిపడక ఎప్పుడూ ముక్కుకి జలుబు బామ్ పట్టించుకునేది. మనిషికంటే ముందు ఆ వాసన వచ్చేది. మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకి మా మరిదికి ఫోన్ చేసి "ఏవండీ... తిన్నారా?" అని సాగదీసేది. రోజూ అదే మాట. అక్కడికి మా మరిది ఏదో పాలు తాగే పిల్లాడైనట్టు.

రెండు నెలల కింద ఆమె మా సర్వర్ గదిలో చనిపోయింది.

ఆ గదిలో నిప్పంటుకుంటే నీళ్లు చల్లరు, మిషన్లు పాడవుతాయని. ముందు తలుపు బిగుసుకుంటుంది, తర్వాత మంటలార్పే గ్యాస్ వస్తుంది, అందులో మనిషికి ఊపిరాడదు. లోపల మనిషి ఉంటే మాత్రం తలుపు బిగుసుకోదు, గ్యాస్ రాదు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టేది తలుపుకి లోపలా బయటా గోడమీదున్న తాళం పలక. ఆ పలక నేను చేసిన ముక్కే. కార్డు గీకి లోపలికెళ్తే ఒకటి కలుపుతుంది, గీకి బయటికొస్తే ఒకటి తీసేస్తుంది. ఆ రోజు ఏదో తీగ కాలి పొగ వచ్చింది. పలక మీద లెక్క సున్నా. ఆమె లోపలే ఉంది. ఆమె కార్డు మాత్రం ఆమె డెస్క్ మీద ఉంది.

'కార్డు లేకుండా ఎవరి వెనకాలో దూరింది. తలుపు జాగ్రత్తలు రాసిన మనిషే వాటిని పాటించలేదు' అని కంపెనీ తేల్చేసింది. అందరితోపాటు నేనూ తలూపాను.

మా మరిది మాత్రం పదోరోజు దాటాక నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. గడ్డం పెరిగిపోయి ఉంది.

"వదినా, కామా తప్పు పడిందని రాత్రి లేచి కూర్చునే మనిషది. అజాగ్రత్త వల్ల పోయిందంటే నేనెలా నమ్మాలి? ఆ తలుపు పేజీలో అది ఏం రాసిందో నాకొక్కసారి చూపించండి. నాకింకేం వద్దు."

"చూస్తాలే" అన్నాను.

చూడాల్సిన పనేం లేదు, నాకు కంఠతా వచ్చు. 'ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్తే ఈ పలక ఒకరిగానే లెక్కిస్తుంది. వాళ్లలో ఒకరు బయటికొస్తే లోపల ఎవరూ లేరనుకుంటుంది. గమనించగలరు.' కస్టమర్ల ముందు నా పనితనం పరువు తీసే వాక్యం. అందుకే కొత్త వెర్షన్ కామెంట్లోంచి నేనే తీసి పారేశాను. కానీ పాత వెర్షన్ పేజీలు సర్వర్ గదిలో ఒక మూలనున్న పాత మిషన్‌లో అలాగే ఉండిపోయాయి. ఆ మిషన్‌కి నెట్‌వర్క్ తీగ ఎప్పుడో పీకేశారు. తీసెయ్యాలంటే వెళ్లి దాని ముందు కూర్చోవాలి. సోమవారం బయటినుంచి విచారణ అధికారులు వస్తున్నారు.

"మేడమ్, ఆ పాత పేజీలుంటే వచ్చినవాళ్లు కన్‌ఫ్యూజ్ అవుతారు. కొంచెం శుభ్రం చేసేయండి" అన్నాడు మా మేనేజర్ శుక్రవారం. ఏం శుభ్రం చెయ్యాలో అడగలేదు, ఎందుకో అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. దొంగ చేతికే తాళాలిచ్చాడు.

ఆదివారం పన్నెండున్నరకి ఆఫీసుకి వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఫోన్లో తలదూర్చి ఉన్నాడు. కారిడార్ నిండా ఎండ. ఎవరో మర్చిపోయిన లంచ్‌బాక్స్ ఒకటి కిటికీలో ఉంది. రేపు పొద్దున మూత తీసినప్పుడు తెలుస్తుంది వెధవకి అనుకున్నాను. కార్డు గీకాను. పలక మీద 'లోపల: 1' అని వచ్చింది. తలుపు తెరుచుకుంది, లోపల దీపాలు వెలిగాయి. లెక్క ఒకటైతే దీపాలు వెలుగుతాయి, సున్నా అయితే ఆరిపోతాయి. కరెంటు పొదుపట. అదీ నేను పెట్టిందే.

గదికి కిటికీల్లేవు. ఇనప అలమరల్లో మిషన్లు బారుగా ఉన్నాయి. వాటి ఫ్యాన్ల రొద తప్ప ఇంకేం లేదు. చలి మోకాళ్లలోకి పాకుతోంది. కొత్తగా వేసిన రంగు వాసన. ఇక్కడే కదా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపిస్తే ఏమైంది? చచ్చినవాళ్లందరికీ భయపడుతూ కూర్చుంటే బతికినవాళ్ల పనులు ఎవరు చేస్తారు?

నా లాప్‌టాప్ పక్కన పెట్టుకుని పాత మిషన్ తెర వెలిగించాను. తలుపు పేజీ తెరిచాను. ఆ మూడు వాక్యాలూ అక్కడే ఉన్నాయి. పేజీ కింద, అన్ని పేజీల్లోలాగే, నొక్కి చూసుకోవడానికి ఒక నమూనా పలక ఉంది. దానిమీద ఎప్పుడూ 'లోపల: 3' అని ఉంటుంది. ఊరికే బొమ్మ అంకె. ఇప్పుడు 'లోపల: 2' అని ఉంది.

ఎవడో మార్చుంటాడులే అనుకున్నాను. పేజీ తీసేశాను. 'నిజంగా తీసేయాలా?' అని అడిగింది. అవునన్నాను. పేజీ పోయింది. రెండు నెలలుగా గుండెల మీదున్న బరువు ఒక్క నొక్కుతో దిగిపోయింది. ఇంతేనా అనుకున్నాను.

తెర అడుగున ఒక గీత కదిలింది.

'పేజీలు తయారవుతున్నాయి...'

నేనేం నొక్కలేదు. జనరేటర్ దానంతటదే నడుస్తోంది. పేజీ మళ్లీ వచ్చింది. ఈసారి ఆ మూడు వాక్యాల కింద... ఇంకొకటి.

'తీసేయవద్దని అక్కకి చెప్పాను. గమనించగలరు.'

నాకు ఒళ్లు మండిపోయింది. టీమ్‌లో కుర్రకుంకలెవరో బయటినుంచి ఆడుకుంటున్నారు. రేపు ఒక్కొక్కడి సంగతీ చెప్తాను... అనుకుంటూ మిషన్ వెనక్కి వంగి చూశాను. నెట్‌వర్క్ తీగ పెట్టే చోటు ఖాళీగా ఉంది. తీగ నేలమీద చుట్ట చుట్టుకుని ఉంది, దానిమీద దుమ్ము.

మళ్లీ తీసేశాను. మళ్లీ వచ్చింది.

'అక్క బయటికి వెళ్లింది. లెక్క సున్నా. గమనించగలరు.'

అప్పుడు తగిలింది ఆ వాసన. రంగు వాసన కాదు... జలుబు బామ్. ఘాటుగా, నా భుజం పక్కనే.

తలుపు వైపు తిరిగాను. గోడమీద పలక 'లోపల: 0' అని చూపిస్తోంది. నేను చూస్తుండగానే దీపాలన్నీ ఆరిపోయాయి.

ఇక దాచి ప్రయోజనం లేదు, చెప్పేస్తాను. ఆ రోజు ఆమె దూరింది నా వెనకే. నేనే పిలిచాను. ఆ వాక్యం గురించి నలుగురిలో తిడితే బాగుండదని, ఫ్యాన్ల రొదలో ఎవరికీ వినపడదని ఆ గదిలోకి తీసుకెళ్లాను. నా కార్డు ఒక్కటే గీకాను. "తీసేయకండి అక్కా, ఎవరైనా ఇరుక్కుంటారు" అంది. "నీ రాతలు చదివేవాడెవడే?" అన్నాను. కార్డు గీకి బయటికొచ్చాను. "అక్కా, ఉండండి, నా కార్డు డెస్క్ మీదుంది" అంటూ వెనకే వచ్చింది. తలుపు నేను కావాలనే వేశాను. కాసేపు చలిలో నిలబడితే బుద్ధొస్తుందనుకున్నాను. ఎవరో పిలిస్తే కాఫీకి వెళ్లాను. అక్కడ మర్చిపోయాను.

కంపెనీ విచారణలో మాత్రం, ఎవరి వెనక దూరిందో చూడలేదన్నాను. తడిగుడ్డతో గొంతు కోశాను. అప్పుడు సిగ్గనిపించలేదు. ఆ చీకట్లో అనిపించింది.

"అక్కా..."

ఫ్యాన్ల రొద కిందనుంచి వచ్చింది ఆ మాట. జలుబు చేసిన గొంతు.

"కార్డు ఒకసారి ఇస్తారా..."

పరిగెత్తాను. మోకాలు ఇనప అలమరకి కొట్టుకుంది. తడుముకుంటూ తలుపు దగ్గరికెళ్లి కార్డు గీకాను. పలక వెలిగింది.

'లోపల ఎవరూ లేరు.'

మళ్లీ గీకాను.

'లోపల ఎవరూ లేరు.'

తలుపు బాదాను. అరిచాను. పైన ఎర్రదీపం తిరగడం మొదలైంది. పొగ లేదు, నిప్పు లేదు. రికార్డు చేసిన ఆడగొంతు నింపాదిగా చెప్పింది... "అరవై సెకన్లలో గ్యాస్ విడుదల." ఆ గొంతుని ఎంచింది కూడా నేనే. మర్యాదగా ఉందని ఎంచాను.

గదిలో వెలుగున్నది ఒక్కచోటే. నా లాప్‌టాప్. దానిమీద కొత్త వెర్షన్ కోడ్ తెరిచి ఉంది. నేను తెరవలేదు. తలుపు ముక్క మీది కామెంట్. నేను వాక్యం తీసేసిన చోటే కర్సర్ మిణుకుమంటోంది.

నలభై ఐదు...

ఏం అడుగుతోందో అర్థమైంది. రాస్తే నేను పోతాను. ఉద్యోగం, పేరు, ఇంట్లో మొహం, అన్నీ పోతాయి. రాయకపోతే ఇక్కడే పోతాను.

తడుముకుంటూ లాప్‌టాప్ దగ్గరికి వచ్చాను. రాశాను. 'ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్తే... ఒకరిగానే లెక్కిస్తుంది...' మెడమీద చల్లటి ఊపిరి. చదువుతోంది. తప్పులున్నాయేమోనని చూస్తోంది... '...లోపల ఎవరూ లేరనుకుంటుంది.' అక్కడ ఆపేశాను. ఆ చివరి మాట నేను రాయలేదు. ఒట్టు. కానీ తెరమీద ఉంది.

'గమనించగలరు.'

పబ్లిష్ నొక్కాను. పేజీలు తయారయ్యాయి. సర్వర్ ఎక్కాయి.

పన్నెండు... పదకొండు...

ఎర్రదీపం ఆగిపోయింది. పలక మీద 'లోపల: 1' అని పడింది. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కార్డు గీకాను. తలుపు తెరుచుకుంది.

కారిడార్లో అదే ఎండ, కిటికీలో అదే లంచ్‌బాక్స్. గోడకానుకుని చాలాసేపు రొప్పుతూ నిలబడ్డాను. పలక వైపు చూశాను. 'లోపల: 0'. కార్డు ఒక్కటే గీకాను, ఒక్కదాన్నే వచ్చాను, లెక్క సరిపోయింది. లోపల ఇంకేం లేదన్నమాట. నామీద నాకే అసహ్యమేసింది. వైరింగ్ సరిగ్గా లేని గదిలో నాలుగు దీపాలు ఆరితే చంటిపిల్లలా ఏడ్చి, నా మెడకి నేనే ఉరి తగిలించుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

పోతే పోయింది, ఇంటికెళ్లి ఆ వాక్యం మళ్లీ తీసేస్తే సరి. ఈలోపు మా మరిది చూస్తేనే కొంప మునుగుతుంది. నేను చూపించకపోయేసరికి కంపెనీ సైట్లో ఆ పేజీ తనే వెతుక్కుని రోజుకి పదిసార్లు తెరిచి చూస్తున్నాడని మా ఆయన చెప్పాడు. ముందు అతనికి ఫోన్ చేసి, పేజీలో ఏదో తప్పు పడింది, నమ్మొద్దు అని చెప్పాలి. మరిదితో అబద్ధమాడటం నాకు కొత్త కాదు. ఏం చెప్పాలో మాట మాటా అనుకున్నాను. 'ఒరేయ్, నువ్వా పేజీ చూడకు, అది తప్పు' అంతే. ముక్కు దిబ్బడ వేసినట్టుంటే చేత్తో తుడుచుకున్నాను. చెయ్యి ఘాటుగా వాసన కొట్టింది.

ఫోన్ కలిపాను. గోడగడియారం సరిగ్గా ఒంటిగంట చూపిస్తోంది.

"చెప్పండి వదినా" అన్నాడు. గొంతు వణుకుతోంది. అప్పటికే చదివేసినట్టున్నాడు.

నేను నోరు తెరిచాను.

"ఏవండీ... తిన్నారా?"

అవతల ఏదో కిందపడి పగిలిన చప్పుడు. తర్వాత ఊపిరి. తర్వాత చాలా మెల్లగా, చిన్నపిల్లాడిలా, ఆమెని ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు పెట్టి పిలిచాడు. కాదురా, నేను వదినని అని అరవబోయాను. ఎంత అరిచినా నా గొంతు నాకే వినపడలేదు, ఫ్యాన్ల రొద అంతగా ఉంది.

ఒక్క కార్డు, ఒక్క లెక్క. బయటికి వచ్చింది ఒక్కరే. గమనించగలరు.