ముప్పై ఒక్క గంటల దారి

2094లో విశాఖపట్నం విమానాశ్రయం బోర్డు మీద ఇలా ఉండేది: పుంటా అరేనస్, చిలీ. దూరం పదిహేను వేల ఐదు వందల కిలోమీటర్లు. ప్రయాణ సమయం ఇరవై రెండు నిమిషాలు. విమానంలో ఇచ్చిన కాఫీ మీద నురగ పోకముందే కిటికీలోంచి అక్కడి మంచు కొండలు కనిపించేవి.

ఇదంతా స్థలసంకోచిని చలవ. చీర కుచ్చిళ్లు పెట్టినప్పుడు గజాల గుడ్డ గుప్పెట్లో ఇమిడినట్టు, ఆ యంత్రం స్పేస్‌ను మడతలు పెడుతుంది. విమానం ఒక మడత అంచు నుంచి పక్క మడత అంచుకు దాటేస్తుంది. కనిపెట్టింది తారకేశ్వరి. పెళ్లయిన నెలకే ఆమె భర్త పైడిరాజు మంచు పొరల పరిశోధనకు పుంటా అరేనస్ వెళ్లాడు. అతని కోసమే ఆమె ఏడాదిన్నర ల్యాబ్ వదలలేదు.

ఆ ఏడాదిన్నరలో అతను మూడుచోట్ల విమానం మారి, ముప్పై ఒక్క గంటలు ప్రయాణం చేసి, ఐదుసార్లు వచ్చాడు. దిగిన ప్రతి ఊరి నుంచీ తిన్నదేమిటో ఫొటో పంపేవాడు. ఇల్లు చేరేసరికి కాళ్లు వాచి ఉండేవి. గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో అతని పాదాలు పెట్టించి, ఎదురుగా పీట మీద కూర్చుని ఆమె ఊరికే నవ్వేది.

యంత్రం మొదలై ఐదు నెలలైంది. అతను ఒక్కసారీ రాలేదు.

"ఎప్పుడొస్తావు?" అంది తారక ఫోన్లో.

"రేపొచ్చేస్తాన్లే. ఎంతసేపేటి, ఇరవై రెండు నిమిషాలు."

"నిన్నా ఇదే అన్నావు."

"పోనీ నువ్వే వచ్చీ. యంత్రం నీదే కదా."

"ఈ వారం పరీక్షలున్నాయి యంత్రానికి."

"చూశావా మరి. నాకూ డ్రిల్లింగుంది."

ఫోను పెట్టేసి ఆమె యంత్రాన్ని అడిగింది: "ఆ దారిలో ఎంతమంది వెళ్తున్నారు?"

"మొదటి వారం సీట్లన్నీ నిండాయి," అంది యంత్రం. "ఇప్పుడు పదింట ఒకటి. రద్దు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది రాసిన కారణం, ఎప్పుడైనా వెళ్లవచ్చు అని."

తారకకు ఒకటి తోచింది. కష్టమైతేనే వస్తాడు.

"మడతలు విప్పు. వారం రోజులు మరమ్మతని ప్రకటించు."

"ప్రయాణం మళ్లీ ముప్పై ఒక్క గంటలవుతుంది."

"తెలుసు. శుక్రవారం మా పెళ్లిరోజు."

"శుభాకాంక్షలు," అంది యంత్రం.

శుక్రవారానికి కూడా రాకపోతే ఇక రాడని ఆమెకు గట్టిగా అనిపించింది. అయినా బుధవారం బజారుకు వెళ్లి, అతని కాళ్లు తుడవడానికి ఎర్రంచు తువ్వాలు కొని, దారి పొడవునా దాని మెత్తదనం వేళ్లతో చూసుకుంటూ వచ్చింది. శుక్రవారానికి చేరాలంటే అతను బయలుదేరాల్సిన వేళ దాటిపోతుండగా ఫోన్ చేసింది.

"బోర్డు చూశావా?"

"చూశాను. ముప్పై ఒక్క గంటలట, నవ్వొచ్చింది. మునుపెలా కూచునీవోడినో నాకే తెలీదు. మనిషన్నవాడు కూచోగలడేటి?"

"ఐదుసార్లు కూర్చున్నావు."

"అప్పుడింకో దారి లేదు కదే. మరమ్మతైపోనీ తారా. మడతలెట్టిన రోజే వచ్చేస్తాను."

ఆమె ఫోను పెట్టేసింది. తువ్వాలు ఇంకా ఒళ్లోనే ఉంది.

"మడతలు పెట్టమంటారా, విప్పి ఉంచమంటారా?" అంది యంత్రం.

"ఏ పద్ధతిలో అయితే వస్తాడు?"

యంత్రం ఐదు పాత ప్రయాణాలనూ, ఐదు నెలల ఖాళీనీ ఒకసారి చూసుకుంది.

"మీరు నన్ను కనిపెట్టక ముందున్న పద్ధతిలో," అంది. "అది నా దగ్గర లేదు."