అటకెక్కిన కత్తెర

“కత్తెరేదే?”

కుట్టుమిషన్ దగ్గర నుంచి అమ్మ అరిచింది. పొద్దుటి నుంచి ఇలా ఏదో ఒకదాని కోసం అరుస్తూనే ఉంది.

“అటక మీదమ్మా,” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఆ పేరు నాన్న పెట్టాడు. ఇంట్లో ప్రమాదాలు వెతికి సర్దమని నిన్న బడిలో టీచర్ చెప్పింది. అంతే, సెలవు పూట అమ్మాయి ఇల్లు పీకి పందిరేసింది. కత్తెర, గుండుసూదుల డబ్బా, అగ్గిపెట్టె, చివరికి అమ్మమ్మ బీపీ మాత్రలు కూడా అటకెక్కాయి.

“తమ్ముడికి అందకూడదు కదా!”

“వాడికే కాదు, నాకూ అందట్లేదు! సాయంత్రానికి ఈ యూనిఫాం ఇవ్వకపోతే ఆ పిల్లాడు రేపు బడికి ఏం వేసుకెళ్తాడు? నీతో నా తల ప్రాణం తోకకొస్తోంది. స్టూల్ తెచ్చి దించు!”

మంచి చేసినా తిట్లేనా అని గొణుక్కుంటూ ఇన్‌స్పెక్టరమ్మ పెరట్లోకి వెళ్లింది.

ఈలోగా అమ్మమ్మ భోజనం ముగించింది. మాత్ర వేసుకోవాలి. అసలే కూతురు చిరాకులో ఉంది, అడిగితే తననూ కసురుతుందని ఓ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎక్కింది.

స్టూల్‌తో వచ్చిన పిల్ల అది చూసి కేకేసింది.

“అమ్మమ్మా! ఆ కుర్చీ కాలు పగిలి ఉంది!”

కుర్చీ ఊగింది. అమ్మమ్మ అటక అంచు పట్టుకుంది. పిల్ల స్టూల్ వదిలేసి పరుగున వెళ్లి ఆమె నడుం వాటేసుకుంది. అమ్మ కూడా వచ్చి మెల్లగా కిందికి దించింది. కానీ అమ్మమ్మ చెయ్యి తగిలి సూదుల డబ్బా కింద పడింది. గదంతా గుండుసూదులే.

కొత్తగా నడక నేర్చిన తమ్ముడు తళతళలాడే సూదుల వైపు సంబరంగా వచ్చాడు. అమ్మ వాణ్ణి చటుక్కున చంకనేసుకుంది.

పిల్లకి భయం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది.

“ప్రమాదం తీసేశాననుకున్నా...”

“తియ్యలేదే తల్లీ, పైకెక్కించావు. దాని వెనకే నన్నూ ఎక్కించావు,” అంది అమ్మమ్మ మోకాలు రుద్దుకుంటూ.

అమ్మ ఇంకా తిట్టబోయి, కూతురి మొహం చూసి ఆగింది. అయస్కాంతం చేతికిచ్చింది.

“ముందు చెప్పులేసుకుని సూదులన్నీ ఏరు. నీకో దండం!”

సూదులు ఏరాక పిల్ల ఆ కుర్చీని బయట పారేసింది. తర్వాత మిషన్ మీదున్న అమ్మ సుద్దముక్కను అందుకుంది.

“అమ్మమ్మా, నిలబడి చెయ్యి చాపు. మడమలెత్తొద్దు.”

అందినచోట గోడ మీద గీత గీసింది. తర్వాత తమ్ముడికి బిస్కెట్ చూపించింది. వాడు మునివేళ్ల మీద లేచి ఎంత చేతులు చాపినా అందని చోట ఇంకో గీత గీసింది. అటక మీంచి మాత్రలు దించి, అమ్మమ్మకి ఒకటిచ్చి, మిగతావి ఓ సంచిలో వేసి రెండు గీతల మధ్య ఉన్న మేకుకి తగిలించింది.

“వాడు స్టూలెక్కితేనో?” అంది అమ్మమ్మ.

“స్టూల్ మళ్లీ పెరట్లోకే.”

“వాడు పొడుగైతేనో?”

“మళ్లీ గీస్తా.”

“గీద్దువుగానీ, ముందు నా సుద్ద, కత్తెర ఇచ్చి తగలెయ్!” అని అరిచింది అమ్మ.

ఇన్‌స్పెక్టరమ్మ స్టూలెక్కి కత్తెర దించింది. ఈసారి దాన్ని ఎక్కడా పెట్టలేదు. మిషన్ పక్కన నిలబడింది.

“ఇది నీకెక్కడ అందాలమ్మా?”

అమ్మ విసుగ్గా నిట్టూర్చింది. కుట్టడం ఆపకుండానే కుడిచెయ్యి చాపి చూపించింది.