ఒక వాలుకు ఒకే దారి

ముందు చక్రం పలక అంచును తాకగానే గౌరీశ్వరి బండి ఆపింది. రాత్రి కురిసిన వానకు పలక ఏమాత్రం కదిలిందో బండి అడుగున ఉన్న స్పర్శకాలు తడిమి చూశాయి.

"శంఖుకొండ, దిగువ వాలు. పలక గట్టిగానే ఉంది. జారుడు లేదు," అంది పైకి.

ఆ మాట ఊరి దారులన్నిటినీ నడిపే చలనపటంలోకి వెళ్ళింది. ఎదురుగా ఉన్న పలకలు ఒకదాని వెంట ఒకటి చదునుగా సర్దుకున్నాయి. కొండమీద అప్పటిదాకా ఆగి ఉన్న చక్రాల కుర్చీలు, చేతిబండ్లు పట్టుకున్న ముసలివాళ్ళు, ఊతకర్రలవాళ్ళు దిగడం మొదలుపెట్టారు. వాళ్ళ చెవిగుళికల్లో గౌరీశ్వరి గొంతే దారి చెబుతోంది. ఏ దారి ఎవరు గీస్తే ఆ దారికి వాళ్ళ గొంతే ఉంటుంది. అది విశాఖ పటం పెట్టుకున్న మర్యాద.

ఊళ్ళో కొండలన్నిటికీ ఒరుగుపలకలే. పటం దారి అన్నచోట అవి వాలుగా పడుకుంటాయి. మూత అన్నచోట మెట్లుగా లేచి నిలబడతాయి, వాననీళ్ళు వాటి మీదుగా దిగి సముద్రంలో కలుస్తాయి. ఎక్కడ పడుకోవాలో ఎక్కడ లేవాలో పటానికి చెప్పేది కొలతగాళ్ళు. ఏ ఊతా లేకుండా కాళ్ళమీద నడిచేవాళ్ళను ఆ పనికి తీసుకోరు. గౌరీశ్వరికి చిన్ననాడే నడుము కింద చలనం పోయింది. ఆమె మాటను పటం ఏనాడూ రెండోసారి అడగలేదు.

కొత్త నియమం ఒకటి వచ్చింది. ఒక వాలుకు ఒకే దారి. ఈ వానాకాలం పోయేసరికి జనం ఏ దారిని ఎక్కువగా వాడితే అది ఉంటుంది, రెండోదానికి మూత పడుతుంది. శంఖుకొండకు ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి గౌరీశ్వరిది. రెండోది ఈమధ్యే పనిలో చేరిన నూకరత్నం గీసింది. ఊతకర్రల మీద నడిచే మనిషి. ఆమె దారి చుట్టుతిరుగుడు, పైగా సగం దూరం సముద్రం వైపు పోయి మళ్ళీ వెనక్కి వస్తుంది. అలాంటి దారి ఎవరు వాడతారని గౌరీశ్వరి నవ్వుకుంది.

ఇవాళ పొద్దున్న ఆ నవ్వు పోయింది.

ఇంట్లో ఆమె మొగుడు పైడిరాజు చేతులు కడుక్కోడానికి చెవిగుళిక తీసి గట్టుమీద పెట్టాడు. అందులోంచి సన్నగా ఒక ఆడగొంతు వినిపించింది. "ఇక్కడ కాసేపు ఆగండి. గాలొస్తుంది."

గౌరీశ్వరి చేతిలోని టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"ఏటది?"

"ఏటి?"

"ఆ గొంతు."

పైడిరాజు చేతులు తుడుచుకోడం అయ్యాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. "కొత్త దారి. ఊరికే చూద్దామని."

"ఎన్నాళ్ళనుంచి చూస్తన్నావు ఊరికే?"

"నడుం నొప్పెడతంది గౌరీ. ఆ దార్లో కుదుపు తక్కువ. చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"నా దార్లో కుదుపుందని పటం ఒక్కనాడూ అన్లేదే!"

"పటానికి నడుముంటాదా?"

 గౌరీశ్వరి టీ వదిలేసి బయటపడింది.

వేరే ఎవరైనా ఆ దారిలో పోతే ఇంత మండేది కాదేమో. పైడిరాజు ఒకప్పుడు హార్బరులో క్రేను నడిపేవాడు. నడుము విరిగాక చాలాకాలం గడప దాటలేదు. మొదటిసారి కుర్చీలో బయటికి వచ్చిన రోజున ఈ వాలు మీదే దిగాడు. "కుడిపక్కకి రండి. గోడ దగ్గరగానే ఉంది. భయం లేదు," అంది గుళికలో గొంతు. అలా ఎన్నో పొద్దులు విన్నాక కొలతశాలకు వెతుక్కుంటూ వచ్చి, గుమ్మంలోనే ఆగి, "భయం లేదన్నది మీరేనా?" అని అడిగాడు. ముఖం కంటే ముందు గొంతునే మనువాడిన మనిషి అతను. అలాంటివాడి చెవిలో ఇప్పుడు ఇంకొకామె చెబుతోంది, ఆగమని, గాలొస్తుందని.

మధ్యాహ్నం దిగువ వాలు కొలత అయ్యాక గౌరీశ్వరి ఇంటికి పోలేదు. కొండపైన నూకరత్నం దారి మొదట్లో బండి ఆపి, మామూలు ప్రయాణికురాలిలా గుళిక పెట్టుకుంది. తప్పు పట్టాలనే వెళ్ళింది. ఎక్కడో ఒకచోట పలక అంచు లేచి ఉండదా, మలుపు ఇరుకుగా ఉండదా అని స్పర్శకాలను పూర్తిగా తెరిచింది.

"మెల్లగా రండి, తొందరేం లేదు," అంది గొంతు. అది అందమైన గొంతేమీ కాదు. కొంచెం బొంగురు. మధ్యమధ్య మనిషి ఎగపోసుకోడం కూడా వినిపిస్తోంది. తను గీసిన దారికి గౌరీశ్వరి తన గొంతును కడిగి ఆరబెట్టినట్టు శుభ్రం చేసి ఇచ్చేది. ఈ మనిషికి ఆ పాటి సిగ్గు కూడా లేదనుకుంది.

దారిలో మాత్రం తప్పు ఎక్కడా దొరకలేదు. వాలు తిరిగే ప్రతిచోటా పలకలు రవ్వంత వెడల్పుగా పడుకున్నాయి. కుర్చీ తనంతట తానే మలుపు తీసుకుంటున్నట్టుంది. సముద్రం వైపు తిరిగినచోట గోడకు ఆనుకుని ఆగడానికి నీడ ఉంది. అక్కడ ఆ గొంతు ఆగమంది. గౌరీశ్వరి ఆగకూడదనుకుంది గానీ చేతులు బండిని ఆపేశాయి. గాలి వచ్చింది. కింద హార్బరు, క్రేన్లు కనిపించాయి. పైడిరాజు రోజూ ఇక్కడ ఆగి ఏం చూస్తాడో ఆమెకు తెలిసిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, తన దారి అతనికి ఆ క్రేన్లను ఒక్కసారీ చూపించలేదు. తనది తొందరగా చేర్చే దారి.

అదే భరించలేకపోయింది. దారి చెడ్డదయి ఉంటే క్షమించేదేమో.

"శంఖుకొండ, సముద్రం మలుపు," అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. "పలక కుంగింది. ప్రమాదం."

పటం రెండోసారి అడగలేదు. హెచ్చరిక గంట మోగింది. ఆమె కిందికి దిగిపోయేవరకూ ఆగి, వెనక నుంచి పలకలు ఒక్కొక్కటే లేచి మెట్లయ్యాయి.

కాసేపటికే కొండ జనమంతా ఆమె దారి మీదే ఉన్నారు. పలకల పక్కన బండి ఆపుకుని ఆమె చూసింది. ఎవరి ముఖం చూసినా తన మాటలే వింటున్నట్టు అనిపించింది.  ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తుండగా పైడిరాజు పిలుపు వచ్చింది.

"గౌరీ, తిండికని ఇంటికొస్తన్నాను. సముద్రం మలుపు కాడ ఇరుక్కుపోనాను. ముందూ మెట్లే, ఎనకా మెట్లే. నేనున్న పలకొక్కటే పడుకునుంది."

"గంట ఇనపళ్ళేదా నీకు?"

"ఇనపడింది. అప్పటికే దార్లోకి దిగేసాను. నా ముందు చేతిబండితో ఒక మామ్మ ఉంది. ఆవిణ్ణి ఒదిలి ఎలా వచ్చెత్తాను? మెట్టు లేచినప్పుడు పడబోయింది. పట్టుకున్నాను. ఇప్పుడు నా కుర్చీ పట్టుకునే కూకుంది."

"వానొస్తంది. నీళ్ళు ఆ మెట్ల మీంచే దిగుతాయి. ఎవరినన్నా కేకెయ్యి, మిమ్మల్ని ఎత్తుకుని..."

"కుంగిన పలక ఎక్కడుందో తెలీకుండా ఎవడు అడుగేస్తాడు?" అన్నాడు పైడిరాజు. తర్వాత గొంతు తగ్గించి, "రాసింది నువ్వేనటగా. పటం పేరు చెప్పింది. నువ్వు రాసావంటే నిజమే అయ్యుంటాది. నేను కదల్ను," అన్నాడు.

తొలి చినుకు ఆమె చేతిమీద పడింది.

"చలనపటం," అంది గౌరీశ్వరి. "సముద్రం మలుపు మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"కారణం చెప్పండి. స్థలం మారిందా, కొలత పొరపాటా?"

స్థలం మారిందంటే అక్కడికే పోయి మళ్ళీ కొలవాలి. మెట్లెక్కి పోవడం ఆమె వల్ల కాదు. పొరపాటంటే బండిని పరీక్షకు పంపిస్తారు, పరీక్ష ముగిసేవరకూ మూత అలాగే ఉంటుంది. ఆ రెండు నియమాలనూ ఒకప్పుడు కొలతశాలలో కూర్చుని బాగున్నాయని మెచ్చుకున్నవాళ్ళలో ఆమె కూడా ఉంది.

"రెండూ కావు. పలక కుంగలేదు. నేను అబద్ధం చెప్పాను."

"ఆ కారణం లేదు. మళ్ళీ చెప్పండి."

చినుకులు దట్టమయ్యాయి. పలకల మధ్య సందుల్లో నీళ్ళ చప్పుడు మొదలైంది. పటం ఒప్పుకునే మూడో తోవ ఒకటుందని ఆమెకు తెలుసు. కొలతగాళ్ళు చనిపోయినప్పుడో, మతి తప్పినప్పుడో వాళ్ళ మాటలన్నీ ఒక్కసారిగా కొట్టివేస్తారు. అప్పుడు వాళ్ళు వేసిన మూతలు ఆ క్షణమే తెరుచుకుంటాయి. వాళ్ళు గీసిన దారులు కూడా పోతాయి. శంఖుకొండ ఒక్కటే కాదు. ఊళ్ళో కొండకొండకూ ఆమె దారులున్నాయి. తన యౌవనమంతా ఆ వాలుల మీదే అరిగింది.

"నా మాట కొట్టివెయ్యి," అంది. "మొత్తం."

"కారణం చెప్పండి. మరణమా, మతిభ్రంశమా?"

"అసూయ."

పటం మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో అది అలా ఊరుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు.

"రాసుకో," అంది గౌరీశ్వరి. ఏడుపు, వాన కలిసి ముఖం మీద కారుతున్నాయి. "నా మొగుడు ఇంకొకామె దార్లో పోతన్నాడని, ఆ దారి నాదానికన్నా బాగుందని, ఓర్చుకోలేక చెప్పాను. మతి సరిగ్గానే ఉంది. బతికే ఉన్నాను. నా మాట మాత్రం నమ్మకు."

కొంతసేపటికి, "నమోదయింది," అంది పటం. ఏ పేరు కింద నమోదయిందో చెప్పలేదు.

పైన మలుపులో పలకలు పడుకుంటున్న చప్పుడు వానలో కూడా వినిపించింది. అదే సమయానికి ఊళ్ళో ఆమె దారుల మీద ఉన్నవాళ్ళందరి గుళికలూ మూగబోయాయి. పలకలు కదలకుండా ఉన్నచోటే ఉండిపోయాయి. ఆ మూగతనంలో పటం తన సొంత గొంతుతో, ఎన్నడూ అడగని మాట అడిగింది. "మీరున్న దారి ఎలా ఉందో మీరే చెప్పండి."

పైడిరాజు తడిసి ముద్దయి దిగాడు. చేతిబండి మామ్మ అతని వెనకే వచ్చి, గౌరీశ్వరిని చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది. గౌరీశ్వరి అతనికి జరిగింది చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు.

 "నన్ను అడిగితే అయిపోయేది కదే," అన్నాడు పైడిరాజు. "ఆ మామ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకు కూకుంది."



వాన వెలిశాక ఊతకర్రల చప్పుడు వినబడింది. బట్టల అంచులు మోకాళ్ళదాకా తడిసి, ముఖమంతా కోపంతో నూకరత్నం వచ్చింది. తెగిపోయిన దారులన్నిటినీ మళ్ళీ కొలవమని పటం అందరికంటే ముందు ఆమెనే పిలిచింది.

"మీరేనా గౌరీశ్వరి గారు?"

"నేనే."

"నా దారికి మీరు మూతేసిన సంగతి పటం చెప్పింది. కారణం కూడా చెప్పింది." ఆమె ఊతకర్రను పలక మీద బలంగా ఆనించింది. "ఓర్చుకోలేకపోవడం మీకొక్కరికే వచ్చనుకున్నారా? మీ ఆయన రోజూ నా దార్లో ఆగి నాకో మాట పంపుతాడు. మా ఆవిడైతే ఈ మలుపు ఇంకాస్త ఎడంగా తీసేదీ అంటాడు. మా ఆవిడైతే ఇక్కడ ముందే చెప్పేదీ అంటాడు. ఇని ఇని చెవులు కాలిపోయాయి నాకు. ప్రతి మలుపూ రెండుసార్లు గీసాను, ఈ మా ఆవిడ నోరు మూయించాలని!"

గౌరీశ్వరి పైడిరాజు వైపు తిరిగింది. అతను సముద్రం వైపు చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఉన్నమాటే చెప్పాను," అన్నాడు ఎవరివైపూ చూడకుండా.

"సరే, ఇప్పుడు మీ దారి కొలుస్తాను," అంది నూకరత్నం. "తప్పు దొరికితే వదల్ను."

"వదలకండి. నేనూ వస్తాను."

"మీ మాట చెల్లదు కదా?"

"మాట చెల్లదు. బండి నడుస్తాది."

ముగ్గురూ వాలు మొదటికి వచ్చారు. మాట కొట్టివేతతో గౌరీశ్వరి బండి స్పర్శకాలు కూడా ఆరిపోయి ఉన్నాయి. తనే గీసిన దారి మీదికి మొదటిసారి ఏ కొలతా లేకుండా ఎక్కింది. అడుగున ఎక్కడో పలకకూ పలకకూ మధ్య చక్రం దిగి లేచింది. ఆ దెబ్బ వెన్ను పైదాకా వచ్చింది.

"మీరున్న దారి ఎలా ఉంది?" అని పటం ముగ్గురినీ అడిగింది.

"నిటారు. చంకలు పీకుతున్నాయి," అంది నూకరత్నం.

"నొప్పెడతంది గానీ, ఏ గోడ ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు," అన్నాడు పైడిరాజు.

 గౌరీశ్వరి వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఆ సందు మీదుగా బండి పోనిచ్చింది.

"కుదుపు ఉంది," అంది.

పటం మూడు జవాబులూ తీసుకుంది. ఏది అసలు జవాబో తేల్చుకోలేక శంఖుకొండ మీద ఏ దారికీ మూత వెయ్యలేదు. పలకలు సగం లేచి, సగం పడుకుని, పైనుంచి ఇంకెవరు వచ్చి ఏం చెబుతారోనని కాచుకుని ఉన్నాయి.