పక్కగోడ లాగిన సీసపు గుండు

"మిట్టమధ్యాహ్నం విమానం వస్తుంది. ఏ కప్పు మీద నల్ల గొంగడి కనబడితే అక్కడ బాంబు వేస్తుంది. లేకపోతే తిరిగిపోతుంది."

బెజవాడలో యూనియన్ సైన్యాధికారి భద్రమ్మకు అప్పగించిన మిషన్ అది. 1948 సెప్టెంబరు. పానగల్ అవతలి పాత గడీలో విదేశీ ముఠా రజాకార్ల కోసం తూటాలు దాచింది. పైకి మాత్రం అది లాబొరేటరీ. తూటాలు ఏ గదిలో ఉన్నాయో కనిపెట్టడానికి భద్రమ్మ గొంగళ్లమ్మే మనిషిగా లోపలికి వెళ్లింది. వేషం సగమే. ఆమె నిజంగా గొర్లు కాసే కురుమల ఆడపడుచే.

లోపల ఆమె కాంటాక్ట్ లీలమ్మ. జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, ముఠా నుంచి ఒక జీతం, యూనియన్ నుంచి ఇంకొకటి.

"తూటాలు ధాన్యపు కొట్టులనే అక్కా. ఖైదీలను నిన్ననే నల్లగొండ జైలుకు తోలిన్రు. ఫికర్ చెయ్యకు."

రజాకార్లు పట్టుకొచ్చి గడీలో పెట్టిన ఆ ఖైదీల్లో భద్రమ్మ తమ్ముడు కురుమయ్య ఒకడు. మనసు ఒప్పలేదు. అయినా కొట్టు మీద గొంగడి పరిచి, ఏమీ తెలియని కాలేజీ సైన్సు మాస్టారు అమరేందర్‌ను తప్పించడానికి లాబొరేటరీకి వెళ్లింది.

సన్నటి తీగకు వేలాడే కర్ర, కర్ర కొసలకు సీసపు గుండ్లు. తీగ మెలితిరిగితే దానికున్న అద్దం నుంచి పడే వెలుగుచుక్క గోడ మీద జరుగుతుంది. బెత్తెడు దూరంలోనూ న్యూటన్ ఆకర్షణ సూత్రం నిలుస్తుందా అని ఆయన కొలుస్తున్నాడు.

"సారూ, జల్ది బయటికి నడువుండ్రి."

"ఆగమ్మా. న్యూటన్ తప్పిండు. సోమవారం సంది చుక్క తూర్పుకు జరిగింది. నా గుండ్లకు అంత బలం లేదు."

"గాలికేమో."

"గాలి గాదు. పోయిన వారం మీవాళ్లు ఎరువు కోసమని పడమటి గోడవతల చేన్ల మంద పెట్టిన్రు గదా. గప్పుడు పడమటికి జరిగింది. బరువన్నది లాగుతది, గొర్రయినా సరే. మందను తోలించిన, చుక్క సక్కగైంది. ఇప్పుడు తూర్పున గొర్లు లేవు. ఇగ సూత్రమే తప్పాలె."

"తూర్పు గోడవతల ఏమున్నది?"

"లీలమ్మ గది. చీరల పెట్టెలు. సోమవారమే దించిన్రు."

భద్రమ్మ తూర్పు గోడకు చెయ్యి ఆనించింది. "ఒక్కో పెట్టె ఎంతమంది మోసిన్రు?"

"ఆరుగురు..." అంటూనే అమరేందర్ ముఖం పాలిపోయింది.

తూటాలు ఇక్కడుంటే కొట్టులో ఏముంది? ముంగిలి దాటి పరుగెత్తి కొట్టు తలుపు బాదింది.

"నీళ్లు తెచ్చిన్రా?" లోపలి నుంచి తమ్ముడి గొంతు.

అప్పటికే విమానం రొద వినబడుతోంది. కాపలావాళ్లు గోడ దూకి పారిపోయారు. భద్రమ్మ కొట్టు మెట్లెక్కేసరికి కప్పు మీద లీలమ్మ, చేతిలో పిస్తోలు.

"దిగక్కా. ఈ ఖైదీలు చస్తే నింద యూనియన్‌కు, తూటాలు మాకు."

"నీ చీరలు మస్తు బరువున్నయంట చెల్లే."

లీలమ్మ తల ఒక్క క్షణం లాబొరేటరీ వైపు తిరిగింది. భద్రమ్మ గొంగడి లాగి ఆమె నెత్తిన విసిరింది. పిస్తోలు ఆకాశంలోకి పేలింది. విమానం నీడ కప్పు మీదుగా జారి, పక్కకు ఒరిగి, వెనుదిరిగింది.

తలుపు తీశాక కురుమయ్య ఆమె భుజం పట్టుకున్నాడు.

"గొంగడి చూసి బాంబేస్తరని కాపలావాళ్లనుకున్నరు. గా గొంగడి ఎవరు పరిచిన్రక్కా?"

భద్రమ్మ అతని నోటికి నీళ్ల చెంబు అందించింది.

సాయంత్రం సైనికులు లీలమ్మను అరెస్టు చేసి పెట్టెలు మోస్తుంటే, లాబొరేటరీ గోడ మీది చుక్క మెల్లగా తన చోటికి వచ్చింది. అమరేందర్ దిగాలుగా వాళ్లకు అడ్డం పోయాడు.

"ఒక్క పెట్టె ఉంచి పోరాదుండ్రి. జర కొలుచుకుంట."

ఈయన్నీ అరెస్టు చేయాలా అన్నట్టు సైనికుడు భద్రమ్మ వైపు చూశాడు.