గోరువెచ్చని నీళ్ళు

పొద్దున్న పాప లేవగానే తల్లి దాని ఉన్ని లాగు విప్పి వాసన చూసింది. లోపలి గుడ్డ డైపరు రాత్రంతా తడిసి బరువెక్కింది. దాని మీద తొడిగిన ఉన్ని లాగు పైకి పొడిగానే ఉంది. పక్క తడవలేదు. గుడ్డను బకెట్లో వేసి, ఉన్ని లాగును కిటికీ దగ్గర కుర్చీ వీపు మీద ఆరేసింది.

"ఈవేళ కూడా ఉతకవా అమ్మాయ్?" అన్నాడు మామగారు, పేపరు దించకుండానే.

"ఉన్నికి రోజూ ఉతుకు అక్కర్లేదు మామయ్య గారూ. గాలికి ఆరితే వాసన పోతుంది."

"మూత్రం తగిలిన గుడ్డ ఉడకాలి. మా లాండ్రీలో అదే మంత్రం."

"ఇది ఉడికితే బుడంకాయకి కాదు, దాని బొమ్మకి సరిపోతుంది."

"సరేలే. నీ గొర్రె, నీ ఇష్టం."

రోజూ వాళ్ళిద్దరి మధ్య మాటలు దాదాపు అంతే. మిగిలినవి పాలు వచ్చాయా, గ్యాస్ కట్టేశావా అన్నవి. ఆయన ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి రిటైరయ్యాడు. భార్య పోయింది. కొడుకు ఓడ ఇంజన్ గదిలో మెకానిక్. ఓడ ఏదైనా రేవుకి చేరితేనే ఫోను వస్తుంది. కాన్పు ముందు "నాన్న మన దగ్గరుంటే నీకు తోడు" అని కొడుకే చెప్పి ఆయన్ని పిలిపించాడు. ఆయన పెట్టె తెచ్చుకుని పక్క గదిలో దిగాడు. రెండు గదుల మధ్య ఒక గోడ. ఏడు నెలల్లో ఆ తోడు గోడ దాటలేదు.

ఉన్ని లాగులు రెండూ ఆమే అల్లింది, కడుపుతో ఉన్నప్పుడు, వీడియోలు చూసి. ప్లాస్టిక్ కవరు వేస్తే పాపకి తొడలు ఎర్రబడి దద్దుర్లు లేచాయి. వట్టి గుడ్డ వేస్తే రాత్రికి మూడుసార్లు పక్క మార్చాలి. ఉన్నికి ఆ గొడవ లేదు. రెండు వారాలకోసారి, వాసన పోనప్పుడు, గోరువెచ్చని నీళ్ళలో మెల్లగా ఉతికి, గొర్రె బొచ్చులోంచి తీసే లానోలిన్ అనే కొవ్వు కరిగించిన నీళ్ళలో నానబెట్టాలి. ఆ కొవ్వే తడిని బయటికి రానివ్వదు. పిండకూడదు. తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరచాలి. ఈ పని చేస్తున్నంతసేపూ మామగారు గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు.

కళ్ళద్దాల షాపులో ఆమెకి అద్దాలు అరగదీసే పని. సెలవు ఈ వారంతో అయిపోతుంది. సోమవారం నుంచి పాప ఎక్కడుండాలన్నది ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మామగారు అడగలేదు. ఆమె చెప్పలేదు. చెప్పకుండానే క్రెష్‌కి ఫోన్ చేసింది. ముసలాయన పాపని ఎత్తుకోవడం ఆమె పెద్దగా చూడలేదు. ఇచ్చిందీ తక్కువే.

ఆ ఉదయం ఉన్ని లాగు ఆరాక కూడా వాసన వేసింది. వచ్చాక ఉతకాలి అనుకుని, దాన్ని పంపు దగ్గర పెట్టి, పాపని చంకనేసుకుంది.

"షాపుకి వెళ్ళొస్తాను మామయ్య గారూ. సెలవు కాగితాలు ఇవ్వాలి."

"పాపని ఎందుకూ ఎండలో? ఉంచి వెళ్ళు."

"పర్వాలేదండీ."

ఆయన తల ఊపి పేపరు ఎత్తుకున్నాడు.

క్రెష్ గదిలో ఉయ్యాలలు వరసగా ఉన్నాయి. చూసుకునే ఆవిడ ఒక పిల్లకి బొట్టు బొట్టుగా పాలు పడుతూనే మాట్లాడింది. "పేరు రాసేసుకున్నట్టేగా? ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?"

"లేరండీ," అంది ఆమె. అనేశాక ఆ మాట నోట్లో అడ్డుపడింది. దారంతా అలాగే ఉంది.

ఇల్లు చేరేసరికి నీడలో తువ్వాలు పరిచి ఉంది. దాని మీద ఉన్ని లాగు, ఆమె ఎలా పరుస్తుందో అలాగే. మామగారు పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు.

"నీకు ఒక పని తగ్గించాను," అన్నాడు. "ఆరుతోంది. కాస్త దగ్గరికి వచ్చినట్టుంది, ఆరితే సాగుతుందేమో."

ఆమె ఎత్తి చూసింది. ఆమె అరచేతి కంటే కొంచెం పెద్దది. అల్లిక కళ్ళు కనబడలేదు. అట్టలా మడత పడింది.

"వేడి నీళ్ళలో వేశారు."

"గోరువెచ్చనే అమ్మా."

"గోరువెచ్చనైతే ఇలా అవుతుందా? ఉడకబెట్టారు. మీ లాండ్రీ మంత్రం."

"లేదమ్మా. నువ్వు చేసినట్టే చేశాను. చెయ్యి పెట్టి చూసే పోశాను. పిండలేదు కూడా."

"తప్పు చేస్తే చేశానని అనండి, అయిపోతుంది. అబద్ధం ఎందుకు? నేను పొద్దున్నేగా చెప్పాను. చెప్పింది వినని మనిషికి పిల్లనెలా అప్పగిస్తాను? ఇందుకే క్రెష్‌లో..."

ఆగిపోయింది. పాప చంకలో కదిలింది.

"తెలుసు," అన్నాడు మామగారు. "మొన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు వాళ్ళు ఫోన్ చేశారు. నేనే ఎత్తాను. మా కోడలు మళ్ళీ చేస్తుందిలే అన్నాను."

"నాకు చెప్పలేదే."

"నువ్వూ చెప్పలేదుగా."

ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. ఆమె పాపకి పాలిచ్చింది. పాప నిద్రపోయింది. ఉన్ని లాగును రెండు చేతుల్తో సాగదీసి చూసింది. సాగలేదు.

తలుపు తెరుచుకుంది. మామగారు వంటింట్లోకి వెళ్ళాడు. గీజరు కుళాయి విప్పిన చప్పుడు. కాసేపటికి బేసిను తెచ్చి ఆమె ముందు కింద పెట్టాడు. మణికట్టు దాకా చెయ్యి అందులో ముంచి ఉంచాడు.

"ఇవి గోరువెచ్చన," అన్నాడు. "నువ్వు పెట్టి చూడు."

ఆమె వేళ్ళు ముంచి వెంటనే లాక్కుంది. చీరకి తుడుచుకుంది. ఆయన చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది.

"మామయ్య గారూ, తియ్యండి."

తీశాడు. చెయ్యి ఎర్రగా ఉంది. ఆయన దాన్ని వేరేవాళ్ళ చెయ్యిలా తిప్పి చూసుకున్నాడు.

"ఆవిరి గదిలో పనిచేసిన చెయ్యి. మొద్దుబారినట్టుంది. ఇన్నాళ్ళూ నాకే తెలీదు. ఇప్పుడు నువ్వు గట్టిగా అన్నాక కూర్చుని ఆలోచించాను." చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. "క్రెష్‌లోనే వెయ్యమ్మా. నువ్వు చేసిందే సరి."

"అది కాదు..."

"అదే. నన్ను నమ్మి ఉంచి వెళ్ళి ఉంటే, నేను దానికి ఈ నీళ్ళే పోసేవాణ్ణి. గోరువెచ్చనే అనుకుని." గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

ఆయన నోరు మూసుకుని ఊరుకుంటే ఆమెకి తెలిసేది కాదు. మొండితనం అనుకునేది. సోమవారం దాకా బతిమాలి పాపని అడిగేవాడేమో, తను ఇచ్చేదేమో. ఆయన దాచలేదు.

"అసలు ఎందుకు ఉతికారు?" అంది.

"రాత్రుళ్ళు నువ్వు లేస్తావు కదా. నాకూ మెలకువ వస్తుంది. గోడ పల్చన. దాని ఏడుపు వినిపిస్తుంది, నీ మాటలూ వినిపిస్తాయి." నేలకేసి చూస్తూ చెప్పాడు. "వినకూడదు. వినబడతాయి. 'ఈ ఇంట్లో మనిద్దరమేనే' అంటావు దాంతో."

ఆమె ఉన్ని లాగును ఒళ్ళోకి లాక్కుంది.

"మూడోవాణ్ణి ఉన్నాను కదా అనుకునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు తలుపు దాకా వచ్చాను. కోడలి గది, అర్ధరాత్రి. ఏమని వస్తాను? వెనక్కి పోయి పడుకునేవాణ్ణి. పగలు చేసే పని ఏదైనా ఒకటి నేర్చుకుంటే బాగుండు అనుకున్నాను. ఉతకడం నా పనే కదా, ఇందులో ఏముందిలే అని."

ఆమెకి కన్నీళ్ళు వచ్చాయి. కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ వచ్చాయి. "పెద్దవాళ్ళెవరూ లేరని చెప్పాను," అంది. "ఇందాక. క్రెష్‌లో."

"పోనీలే. ఉండీ లేనట్టే ఉన్నాను."

"అలా అనకండి."

బేసినులో చల్లనీళ్ళు పోసింది. కలిపింది. "చొక్కా చేతులు మడవండి," అంది.

"ఎందుకూ?"

"చెయ్యి మొద్దుబారితే మోచెయ్యి లేదా? మీ దుప్పట్లు మోచేతుల దాకా రాలేదుగా. పెట్టండి."

ఆయన వంగి మోచెయ్యి ముంచాడు. చటుక్కున తీశాడు. ఆమె వంక చూశాడు.

"కాల్తోంది," అన్నాడు. అంటూనే నవ్వాడు. ఆయన నవ్వు ఆమె అంతకుముందు వినలేదు.

"నాకు సరిపోయాయే. మీ మోచెయ్యి నాజూకు మనిషి." ఇంకో చెంబు పోసింది. "ఇప్పుడో?"

"ఇది గోరువెచ్చన."

ఆమె పాపని ఉయ్యాలలోంచి తీసింది. నిద్రలోనే ఉంది. వంగి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చేతులు రెండూ గాల్లోనే ఉండిపోయాయి.

"చెయ్యి వెయ్యండి. కరవదు. పళ్ళు రాలేదు."

వేశాడు. ఆమె ఫోను తీసి క్రెష్‌కి చేసింది. పేరు రాసుకోవద్దని చెప్పింది. "ఇంట్లో మామగారు ఉన్నారండీ," అంది. అవతల ఆవిడ ఏదో అడిగింది. "లేరని ఇందాక పొరపాటున అన్నాను."

ఫోను పెట్టేసి ఆయనకి చెప్పింది. "స్నానం నేను పోసి వెళ్తాను. కొన్నాళ్ళు మీరు మోచెయ్యి అలవాటు చేసుకోండి. రాత్రికి ఒక్క లాగే మిగిలింది, రెండోది ఇద్దరం కూర్చుని అల్లుదాం. మీకు రాదనుకోండి, దారం పట్టుకోండి."

"దారం పట్టుకుంటాను," అన్నాడు ఆయన, పాప లేస్తుందేమోనని గొంతు తగ్గించి. తర్వాత అడిగాడు. "రాత్రి అది ఏడిస్తే?"

"గడియ వెయ్యను మామయ్య గారూ."

ఆయన పాప తల మీద చెయ్యి కదపకుండా ఉంచి ఆలోచించాడు.

"దగ్గి వస్తాను," అన్నాడు.